మిగిలిన మాంసం కూర: ఎలా దాచాలి, ఎప్పుడు పారేయాలి

“రాత్రి కూర పొయ్యి మీదే ఉండిపోయింది. పొద్దున్నే బాగా మరిగించాను. వాసన కూడా బాగానే ఉంది. తినొచ్చా?”

మాటలు అటూ ఇటూ మారినా నన్ను అందరూ అడిగేది ఇదే. నా జవాబూ ఎప్పుడూ ఒకటే: వద్దు, పారేయండి. ఈ మాట అనగానే చాలామంది ఉసూరుమంటారు. మరి మాంసం కొని, కడిగి, గంటల తరబడి ఉడికించిన కూర కదా. అందుకే పారేసే పరిస్థితి అసలు రాకుండా ఏం చేయాలో, వస్తే ఎలా గుర్తుపట్టాలో వరసగా రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. కూర తినొచ్చా లేదా అనేది మొదట గడియారం చెప్పాలి, ఆ తర్వాతే ముక్కు. కూరను పాడుచేసే క్రిములు వేరు, మనిషికి జబ్బు తెచ్చే క్రిములు వేరు. మొదటి రకం వాసన, రంగు, రుచి మార్చేస్తాయి కాబట్టి దొరికిపోతాయి. రెండో రకం ఏ ఆనవాలూ లేకుండా లక్షల్లో పెరిగిపోగలవు. రాత్రంతా బయట ఉన్న కూర ఘుమఘుమలాడుతున్నా సరే, దాన్ని నమ్మడానికి లేదు.

క్రిములు జోరుగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల మధ్య. (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.) మాంసం కూరలో ముఖ్యంగా జాగ్రత్తపడాల్సింది క్లోస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా విషయంలో. దీని బీజాలు, అంటే గట్టి పొరలో నిద్రపోతూ ఉండే దాని రూపాలు, మరిగే వేడిని కూడా తట్టుకుంటాయి. పొయ్యి కట్టేశాక కూర మెల్లగా చల్లారుతుంటే అవి మళ్లీ ప్రాణం పోసుకుంటాయి. 43 నుంచి 47 డిగ్రీల దగ్గర ఈ బాక్టీరియా ఎంత వేగంగా పెరుగుతుందంటే, సుమారు పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. పెద్ద గిన్నె నిండా చిక్కటి కూర, పైన మూత అంటే దానికి కావలసినవన్నీ అమర్చి పెట్టినట్టే. లోపల గాలి తక్కువ, మాంసం ఎక్కువ, వేడి గంటల తరబడి నిలుస్తుంది. సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు. ఇక పనిలోకి వెళ్దాం.

కావలసినవి

- లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న మూత డబ్బాలు. గాజువి, స్టీలువి, లేదా ఆహారం పెట్టుకోవడానికి తయారైన గట్టి ప్లాస్టిక్‌వి. కూరలో పులుపు ఉంటే అల్యూమినియం, ఇనుప గిన్నెల్లో దాచకండి. లోహం కూరలోకి దిగి రుచి చెడుతుంది.
- కూర గిన్నె పట్టేంత పెద్ద బేసిన్, చన్నీళ్లు, దొరికినన్ని ఐస్ ముక్కలు. సింక్ శుభ్రంగా ఉంటే బేసిన్ బదులు అదే వాడుకోవచ్చు.
- కడిగి ఆరబెట్టిన గరిటె.
- ఫ్రిజ్‌లో పెట్టే థర్మామీటర్ ఒకటి, కూరలో గుచ్చి చూసే వంట థర్మామీటర్ ఒకటి. రెండూ కొనలేకపోతే ముందు ఫ్రిజ్‌ది కొనండి. కూర వేడిని బుడగలు చూసి కొంతవరకు అంచనా వేయొచ్చు గానీ, ఫ్రిజ్ లోపల ఎంత చల్లగా ఉందో చెయ్యి పెట్టి చూస్తే తెలియదు.
- టేపు, మార్కర్ పెన్ను.

1. పొయ్యి కట్టేసిన టైం చూసుకోండి

పొయ్యి ఆపాక 2 గంటల్లోపు కూర ఫ్రిజ్‌లోకి చేరాలి. గది వేడి 32 డిగ్రీలు దాటితే 1 గంటే గడువు. వంటగదిలో పొయ్యి వెలిగి చాలాసేపయితే ఆ వేడి తేలిగ్గా వచ్చేస్తుంది. కాబట్టి ఎండాకాలం మొత్తం 1 గంట లెక్కే పెట్టుకోండి.

అందరూ పొరపాటు పడేది ఇక్కడే. భోజనాలయ్యాక సర్దేటప్పుడు లెక్క మొదలెడతారు. అప్పటికే కూర గంటన్నర నుంచి బల్ల మీద ఉంటుంది. లెక్క పొయ్యి ఆపినప్పటి నుంచే. అందరూ ఒకేసారి తినని ఇంట్లో, వచ్చినవాళ్లు వచ్చినట్టు తినే విందుల్లో, ఈ పూటకి సరిపోయేంత కూర వేరే గిన్నెలోకి తీసి వడ్డించండి. మిగతాది వడ్డన మొదలుకాక ముందే చల్లార్చడానికి పెట్టేయండి.

వేరే దారి కూడా ఉంది. సన్నటి సెగ మీద కూరను 60 డిగ్రీల పైన ఉంచగలిగితే లెక్క మొదలవదు. అయితే గిన్నె అడుగే కాదు, మధ్యలో కూడా ఆ వేడి ఉండాలి. థర్మామీటర్‌తో చూసుకోకుండా ఈ దారి పట్టకండి.

2. పెద్ద గిన్నె ఖాళీ చేయండి

కూరను డబ్బాల్లోకి సర్దండి. ఏ డబ్బాలోనూ లోతు 5 సెంటీమీటర్లు దాటకూడదు, అంటే సుమారు మూడు వేళ్ల మందం. లోతు రెట్టింపైతే, చల్లారే సమయం రెట్టింపు కన్నా ఎక్కువే పెరుగుతుంది. చిక్కటి గ్రేవీలో వేడి లోపలి నుంచి పైకి రావడానికి చాలాసేపు పడుతుంది. పైన చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉన్న గిన్నె మధ్యలో ఇంకా 50 డిగ్రీలు ఉండొచ్చు.

పెద్ద ఎముకలుంటే తీసి పక్కన పెట్టండి, లేదా వాటికి విడిగా ఒక డబ్బా ఇవ్వండి. మందపాటి మాంసం ముక్కల్ని చీల్చి వేస్తే ఇంకా త్వరగా చల్లారతాయి.

ఎవరి కంచంలోనైనా మిగిలిన కూరను, నోట్లో పెట్టుకున్న స్పూనుతో కలిపిన కూరను ఈ డబ్బాల్లో కలపకండి. అది ఆ పూటే తినేయాలి, లేదంటే పారేయాలి.

3. త్వరగా చల్లార్చండి

మొత్తం పనిలో ప్రాణం ఈ మెట్టే. మిగతా జాగ్రత్తలన్నీ తీసుకుని ఇది వదిలేస్తే పెద్దగా ఉపయోగం లేదు. వాణిజ్య వంటశాలలకు అమెరికాలో పెట్టిన ఆహార నియమావళి ఒక చక్కటి కొలత ఇస్తుంది: వండిన ఆహారం 57 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు 2 గంటల్లో రావాలి, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో 4 గంటల్లో రావాలి. మొదటి 2 గంటలకే అంత పట్టుదల ఎందుకంటే, బాక్టీరియా అన్నిటికన్నా జోరుగా పెరిగే వేడి ఆ మధ్యలోనే ఉంది.

ఇంట్లో ఇలా చేయండి. బేసిన్‌లో సగం ఐస్, సగం చన్నీళ్లు పోయండి. కూర గిన్నెను అందులో దించండి. బయటి నీళ్లు లోపలి కూర మట్టం దాకా రావాలి, కూరలోకి మాత్రం పడకూడదు. ఇప్పుడు గరిటెతో అడుగు నుంచి పైకి, అంచుల నుంచి మధ్యకు కలుపుతూ ఉండండి. మొదట్లో ఆవిరి బాగా లేస్తుంది. గిన్నె అంచుకు ఆనుకున్న గ్రేవీ ముందు చిక్కబడుతుంది. కలపడం ఆపితే ఆ చల్లటి పొర అంచుకే అంటుకుపోయి, మధ్యలో ఉన్న వేడిని బయటికి పోనివ్వదు. అందుకే మొదటి పది నిమిషాలు పక్కనే నిలబడి కలపండి. తర్వాత ఐదారు నిమిషాలకోసారి కలిపితే సరిపోతుంది. బేసిన్‌లో ఐస్ కరిగిపోతే నీళ్లు పారబోసి మళ్లీ వేయండి. గిన్నె అడుగు చేతికి చల్లగా తగిలి, గరిటెతో తోడిన కూర కూడా వెచ్చదనం తెలియనంత చల్లబడ్డాక డబ్బాల్లోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. అంటే ఎక్కువ కూర ఉన్నప్పుడు ముందు ఈ మెట్టు, తర్వాత రెండోది. కొంచెమే ఉంటే నేరుగా డబ్బాల్లోకి సర్ది, వాటినే చన్నీళ్లలో పెట్టేయొచ్చు.

ఐస్ లేకపోతే:
- చన్నీళ్లే పోసి, వెచ్చబడ్డప్పుడల్లా మార్చండి. మొదట్లో నాలుగైదు నిమిషాలకే వెచ్చబడతాయి.
- వెడల్పాటి స్టీలు పళ్లెంలో పలచగా పరిచి, జాలీ స్టాండు మీద పెట్టి ఫ్యాను వేయండి. కింద నుంచి కూడా గాలి తగలాలి.
- వండేటప్పుడే గ్రేవీని బాగా దగ్గరగా ఉడికించి, చివర్లో కాచి గడ్డకట్టించిన శుభ్రమైన నీళ్ల ఐస్ ముక్కలు వేసి పలచబరచొచ్చు. చిక్కదనం ముందే లెక్క వేసుకోగలిగినవాళ్లకు ఇది చాలా మంచి పద్ధతి.

“వేడి కూర ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ పాడవుతుంది కదా” అని అడుగుతుంటారు. గోరువెచ్చటి కూర పలచగా, చిన్న డబ్బాల్లో పెడితే ఇప్పటి ఫ్రిజ్‌లకు ఏమీ కాదు. పొగలు కక్కే పెద్ద గిన్నె పెడితే మాత్రం రెండు నష్టాలు. చుట్టూ ఉన్న పాలు, మిగతా వంటకాలు వేడెక్కుతాయి. గిన్నె మధ్యలో ఉన్న కూర ఫ్రిజ్‌లోనే గంటల తరబడి వెచ్చగా ఉండిపోతుంది. చల్లారేదాకా బయట ఉంచేద్దాం అని రాత్రంతా వదిలేయడం కన్నా, కాస్త వెచ్చగా ఉండగానే ఫ్రిజ్‌లో పెట్టడం ఎన్నో రెట్లు నయం.

4. ఫ్రిజ్‌లో సరైన చోట పెట్టండి

మూతను ముందు వదులుగా పెట్టండి. కూర పూర్తిగా చల్లబడ్డాక గట్టిగా మూయండి. వెచ్చగా ఉండగా బిగిస్తే ఆవిరి లోపలే నీళ్లై కారుతుంది, చల్లబడడమూ ఆలస్యమవుతుంది.

వండిన కూర పై అరలో, పచ్చి మాంసం అన్నిటికన్నా కింది అరలో. పచ్చి మాంసం నీళ్లు ఒక్క చుక్క కారి వండిన కూరలో పడినా ఇంతసేపు పడ్డ కష్టం వృథా. డబ్బాల మధ్య గాలి ఆడేలా వేలెడు ఖాళీ వదలండి. మొదటి కొన్ని గంటలు ఒకదాని మీద ఒకటి పేర్చకండి. తలుపు అరలో అసలే వద్దు. తెరిచినప్పుడల్లా వేడెక్కేది అదే.

ఫ్రిజ్ 4 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉండాలి. చూసుకోవడం సులువే. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి మధ్య అరలో పెట్టండి. ఒక రాత్రి గడిచాక తలుపు తీసిన వెంటనే అంకె చూడండి. 4 దాటితే మీట తిప్పి తగ్గించి, మళ్లీ ఒక రాత్రి చూడండి. మీట మీద ఉండే 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావు. చాలామంది వాటిని డిగ్రీలనుకుని 4 మీద పెట్టి ఊరుకుంటారు.

5. తేదీ రాసి అంటించండి

డబ్బా మీద టేపు వేసి, వండిన రోజు, టైం రాయండి. ఫ్రిజ్‌లో పెట్టిన రోజు కాదు, వండిన రోజు. అక్కడి నుంచి 3, మహా అయితే 4 రోజులు. మధ్యలో వేడి చేశారని లెక్క మళ్లీ మొదటికి రాదు. మూడో రోజు దాటేలా కనిపిస్తే అప్పటిదాకా ఆగకుండా ముందే ఫ్రీజర్‌లోకి మార్చండి.

ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు, పెద్ద వయసువాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే ముగించండి. లిస్టీరియా అనే బాక్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది. గర్భంలో ఉన్న బిడ్డకు దానివల్ల చాలా ప్రమాదం.

6. ఎక్కువ రోజులకైతే ఫ్రీజర్

ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. ఒక పూటకి ఎంత కావాలో అంత చొప్పున పొట్లాలు, డబ్బాలు కట్టండి. గడ్డకట్టేటప్పుడు కూర ఉబ్బుతుంది కాబట్టి డబ్బా పైన రెండు సెంటీమీటర్లు ఖాళీ వదలండి. నిండా నింపిన గాజు సీసా పగులుతుంది. జిప్ సంచుల్లో అయితే గాలి నొక్కేసి, పళ్లెం మీద పడుకోబెట్టి గడ్డకట్టించండి. పలచటి పలకలా తయారవుతుంది, త్వరగా కరుగుతుంది, చోటు కూడా తక్కువ పడుతుంది.

2, 3 నెలల్లో తింటే రుచి బాగుంటుంది. ఆ తర్వాత ప్రమాదం రాదు గానీ ముక్క పీచుబారుతుంది, గ్రేవీ చప్పబడుతుంది. గడ్డకడితే క్రిములు చావవు, నిద్రపోతాయంతే. కాబట్టి “ఇవాళో రేపో పాడయ్యేలా ఉంది, ఫ్రీజర్‌లో పడేద్దాం” అనుకోకండి. ఎలా ఉన్న కూర లోపలికి వెళ్తుందో అలాంటి కూరే బయటికి వస్తుంది.

7. కరిగించడం

ముందు రోజే ఫ్రిజ్‌లోకి దించడం అన్నిటికన్నా మంచిది. తొందరగా కావాలంటే, నీళ్లు చొరబడని సంచిలో ఉన్న కూరను చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. మైక్రోవేవ్‌లో కూడా కరిగించొచ్చు. ఈ రెండు పద్ధతుల్లో కరిగించింది వెంటనే పూర్తిగా వేడి చేసి తినేయాలి. కరిగించకుండా గడ్డను అలాగే గిన్నెలో వేసి, కాసిని నీళ్లు చిలకరించి సన్నటి సెగ మీద వేడి చేసినా ఇబ్బంది లేదు, టైం ఎక్కువ పడుతుంది అంతే. వంటగట్టు మీద పెట్టి పనికి వెళ్లిపోవడం మాత్రం చేయకండి. మధ్యలో ఇంకా గడ్డగా ఉండగానే, చుట్టూ కరిగిన భాగం గంటల తరబడి గది వేడిలో ఉంటుంది.

8. వేడి చేయడం

తినేంత మాత్రమే డబ్బాలోంచి తీసి, మిగతాది వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. తీసిన దాన్ని మధ్యలో 74 డిగ్రీలు వచ్చేదాకా వేడి చేయాలి. థర్మామీటర్ లేకపోతే గిన్నె మొత్తం కుతకుతలాడాలి. అంచుల్లో నాలుగు బుడగలు రాగానే దించేయకండి. కలిపాక కూడా బుడగలు ఆగకుండా వస్తుంటేనే లోపలిదాకా వేడెక్కినట్టు. పెద్ద ముక్క ఒకటి విరిచి చూడండి, లోపల నుంచి కూడా ఆవిరి రావాలి.

మైక్రోవేవ్‌లో అయితే మూత కాస్త వదులుగా పెట్టి, సగంలో తీసి కలిపి, మళ్లీ పెట్టి, చివర్లో రెండు నిమిషాలు ఆగనివ్వండి. మైక్రోవేవ్ ఒక చోట నాలుక కాలేంత, పక్కనే చల్లగా వేడి చేస్తుంది. స్లో కుక్కర్‌లో చల్లటి కూర వేసి వేడి చేయకండి. అది క్రిములు పెరిగే వేడిలోనే కూరను చాలాసేపు ఉంచుతుంది.

వేడి చేశాక మిగిలితే? ఒకసారికి మించి వేడి చేయకపోవడమే నేను పాటించే పద్ధతి. ప్రతిసారీ కూర ఆ 5–60 డిగ్రీల మధ్య నుంచి పోయి రావాల్సిందే.

పాడైందా లేదా ఎలా చూడాలి

ఈ వరస తప్పకండి.

మొదట గడియారం, తేదీ. బయట 2 గంటలు (ఎండాకాలమైతే 1 గంట) దాటిందా? వండి 4 రోజులు దాటిందా? ఎప్పుడు వండారో గుర్తు లేదా? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి అవునన్నా మిగతా పరీక్షలు అక్కర్లేదు. పారేయండి.

తర్వాత డబ్బా. మూత పైకి ఉబ్బితే, తీయగానే బుస్సుమంటే లోపల గ్యాసు పుట్టినట్టు. ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు వెచ్చగా ఉంటే మూత లోపలికి లాక్కుపోవడం మామూలే. బయటికి ఉబ్బడం మాత్రం మామూలు కాదు.

తర్వాత కళ్లు. వెలుతురు దగ్గరికి తీసుకెళ్లండి. వేడి చేయకుండానే గ్రేవీలో చిన్న బుడగలు, అంచు వెంట నురగ కనిపిస్తే పులిసిపోయింది. స్పూనుతో ఒక ముక్కను పైకెత్తండి. గ్రేవీ జారిపోయాక ముక్క మీద గాజులా మెరిసే జిగురు మిగిలి, తీగలా సాగుతుంటే పాడైంది. తెలుపు, పచ్చ, నలుపు రంగుల్లో నూగు లాంటి బూజు ఎక్కడ ఒక్క మచ్చ ఉన్నా మొత్తం పారేయాలి. పైది తీసేసి కిందది తినడానికి కూర గట్టి పదార్థం కాదు, బూజు వేళ్లు లోపలిదాకా పోతాయి.

చివర్లో ముక్కు. డబ్బాలో తల దూర్చకుండా, చేత్తో గాలి మీ వైపు విసురుకుని చూడండి. పుల్లటి వాసన, కుళ్లిన గుడ్డు వాసన, ముక్కుకు గుచ్చుకునే అమ్మోనియా వాసన దేనికైనా పారేయాల్సిందే. చల్లటి కూర వాసన సరిగా తెలియదు కాబట్టి కొందరు వేడి చేశాక గుర్తుపడతారు. అప్పుడు తెలిసినా అప్పుడే ఆపేయండి. మసాలా దట్టంగా ఉన్న కూరలో చెడు వాసన కొంత కప్పబడిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

నాలుక అసలు వాడకండి. “కొంచెం నాలుక మీద వేసుకుని చూస్తా” అనేది అన్నిటికన్నా ప్రమాదకరమైన పరీక్ష. జబ్బు చేయడానికి చిటికెడు చాలు. చెడ్డది కాదని తేలినా అది దేనికీ రుజువు కాదు.

పాడైనట్టు కనిపించినా పాడవనివి

అనవసరంగా పారేసేవాళ్లూ తక్కువేం కాదు. రాత్రి బాగున్న కూర పొద్దున డబ్బా తీయగానే వేరేలా కనిపించి గాభరా పడతారు.

పైన తెల్లగా, పసుపుగా పేరుకున్న పొర కొవ్వు. బూజుకీ దానికీ తేడా తేలిగ్గా తెలుస్తుంది. కొవ్వు నునుపుగా ఉంటుంది, స్పూనుతో తడితే పలకలా విరుగుతుంది, వేడి తగిలితే కరిగి నూనెవుతుంది. బూజు నూగుగా, చుక్కలు చుక్కలుగా ఉంటుంది, కరగదు.

గ్రేవీ జెల్లీలా గడ్డకట్టి, డబ్బా కదిపితే వణుకుతుంటే అది ఎముకల నుంచి, మాంసంలోని బంధన కణజాలం నుంచి దిగిన జిలటిన్. మంచిదే. జిగురుతో దీన్ని కలిపి పొరబడకండి. జిలటిన్ అయితే గ్రేవీ మొత్తం గట్టిపడుతుంది, స్పూనుతో శుభ్రంగా తెగుతుంది. జిగురు ముక్క మీద పొరలా ఉండి సాగుతుంది.

నీళ్లూ నూనే విడిపోవడం, రంగు కాస్త నల్లబడడం మామూలే. రెండో రోజు మాంసంలో వచ్చే పాత అట్టపెట్టె లాంటి వాసన కొవ్వు గాలి తగిలి ఆక్సీకరణం చెందడం వల్ల వచ్చేది. రుచి తగ్గుతుంది గానీ జబ్బు చేయదు. కానీ ఈ వాసనకీ కుళ్లు వాసనకీ తేడా తేల్చుకోలేకపోతే కుళ్లు కిందే లెక్క వేయండి. ఫ్రీజర్‌లో ముక్కల మీద కనిపించే తెల్లటి పొడి మచ్చలు తేమ ఎగిరిపోయిన చోట్లు. కోసి తీసేయొచ్చు.

తరచూ జరిగే పొరపాట్లు

రోజూ పూట పూటకీ మరిగిస్తూ కూరను బయటే ఉంచడం అన్నిటికన్నా పెద్దది. మరిగిస్తే అప్పటికి పెరిగిన క్రిములు చస్తాయి, నిజమే. బీజాలు బతుకుతాయి, కూర చల్లారేటప్పుడు మళ్లీ మొదలవుతాయి. చేతుల నుంచి, ముక్కు నుంచి వచ్చే స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా కూరలో పెరిగి వదిలిన విషమైతే ఎంత మరిగించినా పోదు. మొదట రాసిన ప్రశ్నకు నేను “పారేయండి” అనడానికి కారణం ఇదే.

కుకర్ మూత తీయలేదు కాబట్టి లోపల శుభ్రంగానే ఉందనుకోవడం ఇంకోటి. చల్లారేటప్పుడు కుకర్ బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. మూత తీయని కుకర్‌కీ అదే 2 గంటల గడువు.

పాత కూరలో కొత్త కూర కలపడం, డబ్బాలోకే ఎంగిలి స్పూను పెట్టడం సరేసరి. పైన నూనె తేలుతోంది కదా అని సీసాలో పోసి బయట దాచేవాళ్లూ ఉన్నారు. దయచేసి చేయకండి. గాలి లేని చోట, గది వేడిలో బోటులిజం అనే, నరాలను దెబ్బతీసే జబ్బు తెచ్చే బాక్టీరియా పెరగగలదు. అది అరుదే గానీ ప్రాణాంతకం.

కరెంటు పోతే

ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే 4 గంటలు చల్లదనం నిలుస్తుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు ఆగుతుంది. ఎంత చల్లగా ఉందో చూద్దామని మాటిమాటికీ తీయకండి. కరెంటు వచ్చాక థర్మామీటర్ చూడండి. కూర 4 డిగ్రీల పైన 2 గంటలు దాటి ఉంటే పారేయాలి. ఫ్రీజర్‌లోది ఇంకా ఐస్ పలుకులతో ఉంటే మళ్లీ గడ్డకట్టించొచ్చు.

పారేయడం

సంచిలో వేసి మూతి బిగించి, కుక్కలు, పిల్లులు లాగని చోట వేయండి. మనకు పడనిది వాటికీ మంచిది కాదు. డబ్బాను, మూత రబ్బరును, గరిటెను వేడి నీళ్లు, సబ్బుతో కడిగి ఆరబెట్టండి. మూత అంచు గాడిలో గ్రేవీ ఇరుక్కుంటుంది, రబ్బరు ఊడదీసి మరీ కడగండి. డబ్బా నుంచి కూర ఫ్రిజ్‌లో కారి ఉంటే ఆ అరను కూడా తుడవాలి.

ఇప్పటికే తినేసి ఉంటే

టెన్షన్ పడకండి, తిన్న ప్రతిసారీ జబ్బు చేయదు. అలాగని బలవంతంగా వాంతి చేసుకోవద్దు. ఎప్పుడు తిన్నారో, ఆ కూర ఎప్పుడు వండిందో రాసి పెట్టుకుని గమనించండి. స్టాఫిలోకాకస్ విషమైతే అరగంట నుంచి 8 గంటల్లోపు వికారం, వాంతులు మొదలవుతాయి. పెర్ఫ్రింజెన్స్ అయితే 6 నుంచి 24 గంటల్లో కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి, చాలామందికి ఒక రోజులోపు తగ్గిపోతాయి. ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా, మాటిమాటికీ తాగండి.

విరేచనంలో రక్తం పడినా, జ్వరం 38.9 డిగ్రీలు దాటినా, విరేచనాలు 3 రోజులకు మించినా, తాగిన నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా, నిలబడితే కళ్లు తిరుగుతున్నా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పసిపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్ల విషయంలో ఇంతదాకా ఆగకుండా ముందే చూపించండి. చూపు మసకబారడం, రెప్పలు వాలిపోవడం, మింగడం కష్టమవడం, మాట ముద్దగా రావడం వీటిలో ఏది కనిపించినా అది బోటులిజం కావచ్చు. అర్ధరాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఏ కూర తిన్నారో, అది ఎక్కడ ఎంతసేపు ఉందో చెప్పండి.